దీనమ్మ సిస్టర్ అంచనా

మా బిల్డింగులో వారానికి రెండుసార్లు మెట్లన్నీ ఫినాయిల్‌తో కడుగుతారు. నాలుగో అంతస్తులో తలుపులూ కిటికీలూ మూసుకుని కూర్చున్నా ఆ వాసన ఏదో సందు చూసుకుని లోపలికి వచ్చేస్తుంది. పక్క ఫ్లాటు ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కేర్‌టేకర్‌ను తిట్టుకుంటుంది. నేను మాత్రం చేస్తున్న పని ఆపేసి హాయిగా పీలుస్తాను. మస్కట్‌లో మేముండే ఈ రూవి పేటలో సెంట్ల దుకాణాలు వీధి వీధికీ ఉన్నాయి. నాకు పరిమళం అంటే ఈ ఫినాయిల్ వాసనే. ఎందుకంటే డెబ్బైల్లో, ఈ ఊళ్ళో ఇన్ని మేడలు లేవక ముందు, శుక్రవారం మధ్యాహ్నాలు నర్సుల క్వార్టర్సులో ఒక గది తలుపు తెరిస్తే మొదట ఎదురొచ్చేది అదే. ఆ గది దీనమ్మ సిస్టర్‌ది. ఆవిడను చూడని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆవిడే ఉంటే, "నా గురించి మంచే రాస్తానంటే అసలు రాయొద్దు" అని ఉండేది. కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తాను.

దీనమ్మ సిస్టర్‌ది బాపట్ల దగ్గర ఒక పల్లె. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మెల్లగా మాట్లాడటం ఆవిడకు చేతకాదు. జూనియర్ నర్సులు ఆవిడ చెప్పుల చప్పుడు వింటే చాలు, దుప్పట్లు సర్దడం మొదలుపెట్టేవారు. అక్కడి మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివిన తర్వాత, డాక్టర్లు పంపించగా అమెరికా వెళ్ళి, ఒహాయోలో ఒక చిన్న కాలేజీ పిల్లల వైద్యశాలలో నాలుగేళ్ళు పనిచేసింది. ఆరు మంచాల గది అది. జలుబు చేసినవాళ్ళూ, ఇంటిమీద బెంగపెట్టుకున్నవాళ్ళూ, పరీక్షలంటే భయపడి కడుపునొప్పి తెచ్చుకున్నవాళ్ళూ అందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవారట. కాలేజీలో ఎవరిని చేర్చుకోవాలో తేల్చే పెద్దలు కూడా టీ తాగడానికి అక్కడికే వచ్చి, ఎవరిని ఎందుకు తీసుకున్నారో, ఎవరిని తీసుకుని పొరపాటు చేశారో మాట్లాడుకునేవారు. ఆవిడ థర్మామీటర్లు కడుగుతూ అన్నీ వింది. మస్కట్‌లో కొత్త ఆసుపత్రులు తెరిచినప్పుడు ఇక్కడికి వచ్చిన మొదటి తెలుగు నర్సుల్లో ఆవిడ ఒకరు. పెట్టెలో చీరల కంటే అలాంటి కాలేజీల పుస్తకాలే ఎక్కువ తెచ్చుకుంది.

అవి ఎలాంటి కాలేజీలో చెప్పాలి. నాలుగైదు వందలమంది పిల్లలుంటారు, అందరూ హాస్టల్లోనే. ఒక్క సబ్జెక్టు పట్టుకుని వేలాడకుండా చరిత్ర, వృక్షశాస్త్రం, సంగీతం, లెక్కలు అన్నీ కలిపి చదవాలి. తరగతికి పదిహేనుమంది మించరు. మన తల్లిదండ్రులకు ఇది బొత్తిగా మింగుడుపడేది కాదు. అన్నీ చదివితే ఏమవుతారని అడిగేవారు. "మనుషులవుతారు, చాలదా?" అనేది దీనమ్మ సిస్టర్. ఆవిడ లెక్క ఒకటే. పెద్ద యూనివర్సిటీ మార్కులు చూస్తుంది, చిన్న కాలేజీ మనిషిని చూస్తుంది, ఎందుకంటే నాలుగేళ్ళు ఆ మనిషి పక్కన కూర్చుని అన్నం తినాల్సింది వాళ్ళే. శుక్రవారం ఆరాధన అయ్యాక, ఆసుపత్రి వాళ్ళూ, కంపెనీల వాళ్ళూ పిల్లలను వెంటబెట్టుకుని ఆవిడ గదికి వచ్చేవారు. పిల్లతో కాసేపు మాట్లాడి, పుస్తకం తిరగేసి, ఒక్కో కాలేజీకీ ఒక్కో మాట చెప్పేది. మూడే మాటలు. "వస్తుంది." "రావచ్చు." "ప్రార్థన చేద్దాం." మూడోది విన్నవాళ్ళ ముఖాలు వాడిపోయేవి. వార్డులో పేషెంటు బంధువులకు అబద్ధం చెప్పకూడదని నేర్చుకున్న మనిషి ఆవిడ, ఇక్కడ మాత్రం ఎందుకు చెబుతుంది?

ఒకసారి ఒక కంపెనీ అకౌంటెంటు గారు కొడుకును తీసుకొచ్చారు. అన్నిట్లో ఫస్ట్ క్లాసు. కుర్రాడు రాసిన వ్యాసం అంటూ నాలుగు పేజీలు ఇచ్చారు. సిస్టర్ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, మడిచి ఆయన చేతిలోనే పెట్టింది.

"ఇది రాసినాయనకి నలభై అయిదేళ్ళుంటాయండి. ఆ వయసువాళ్ళని తీసుకోరు."

ఆయన ముఖం ఎర్రబడింది. కుర్రాడు మాత్రం కిసుక్కున నవ్వాడు. "ఇదిగో, ఈ నవ్వినోడు రాస్తే చూద్దాం," అంది సిస్టర్. ఆయన గుమ్మం దాటాక, అంత కటువుగా అనాల్సింది కాదేమోనని ఎవరో అంటే వాళ్ళకూ నాలుగు వడ్డించింది. నోటి దురుసు ఆవిడకు నిజంగానే ఉండేది, అది కప్పిపెట్టి లాభం లేదు.

ఆ గదికి నన్ను మా అమ్మ ఎస్తేరు తీసుకెళ్ళింది. అమ్మ దీనమ్మ సిస్టర్ కింద పిల్లల వార్డులో స్టాఫ్ నర్సు. నాన్న లేరు. నేను తెనాలిలో మేనత్త దగ్గర ఇంటర్మీడియట్ సెకండ్ క్లాసులో, అదీ ఫిజిక్స్ రెండోసారి రాసి, గట్టెక్కి అమ్మ దగ్గరికి వచ్చాను. అప్పట్లో మస్కట్‌లో కాలేజీ అన్నదే లేదు. అమ్మ గుంటూరు వైపు ఒక నర్సింగ్ స్కూలుకు నా పేరున దరఖాస్తు పెట్టేసింది. నర్సింగే ఆమెను బతికించింది, నన్ను పెంచింది. ఇంకో దారి ఉంటుందని ఆమెకు తోచకపోవడంలో తప్పులేదు. నాకేమో నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ సంగతి చెప్పి ఏడిస్తే, చివరికి విసిగిపోయి, "సరే, సిస్టర్ ఏమంటుందో విందాం" అంది. నేను మార్కుల కాగితం సిస్టర్ ముందుకు చాపాను.

"అది తర్వాత. ముందు ఒకటి చెప్పు, రాహేలూ. మొదలెట్టి వదిలేసినవి ఏంటి?"

"మా పిల్ల ఏదీ వదిలెయ్యదండి, చాలా బుద్ధిమంతురాలు..." అని అమ్మ అందుకుంది.

"నిన్నడగలా ఎస్తేరూ."

నేను లెక్కపెట్టాను. హార్మోనియం. టైపు. ఎంబ్రాయిడరీ. ఎందుకొదిలేశావంటే విసుగేసిందన్నాను. అమ్మ నా మోచేతిని గట్టిగా గిల్లింది. "మరి వదలకుండా చేస్తున్నది ఏమన్నా ఉందా?" అంది సిస్టర్. పదేళ్ళప్పటినుంచి గట్ల మీద మొలిచే పిచ్చిమొక్కల బొమ్మలు గీసి, కూలికి వచ్చే ఆడవాళ్ళు వాటిని ఏమని పిలుస్తారో, దేనికి వాడతారో పక్కన రాసుకుంటున్నానని చెప్పాను. ఐదు నోటు పుస్తకాలు అయ్యాయి, మస్కట్ వచ్చాక వాగుల్లో పెరిగే మొక్కలతో ఆరోది మొదలుపెట్టాను. "ఎవరు రాయమన్నారు?" అంది. ఎవరూ అనలేదన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మార్కుల కాగితం చూడకుండానే, వచ్చే శుక్రవారం ఆ పుస్తకాలు పట్టుకురమ్మంది.

వారం తర్వాత తీర్పు చెప్పింది. అమెరికాలో కొండల మధ్య ఆడపిల్లల కాలేజీ ఒకటి, అక్కడ మొక్కల తోట ఉంది, పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తారు. అది "వస్తుంది". ఇంకొకటి, కొంచెం పెద్దది, దరఖాస్తు గడువు మొదటిదాని కంటే మూడు నెలల తర్వాత. అది "రావచ్చు". అమ్మ నమ్మలేకపోయింది. "సెకండ్ క్లాసుకండీ?" అని మూడుసార్లు అడిగింది. "మార్కులు వాళ్ళ దగ్గర బోలెడున్నాయి, ఈ పుస్తకాలు లేవు," అంది సిస్టర్. అయితే ఊరికే కూర్చోవడానికి వీల్లేదనీ, రోజూ పొద్దున్న పిల్లల వార్డుకు వచ్చి గుడ్డలు మడతపెట్టాలనీ, పిల్లలను ఆడించాలనీ షరతు పెట్టింది. "నిన్ను చూడకుండా నీ గురించి ఏం రాసేది?" అంది.

వార్డులో నేను మూడు వారాలు బాగానే ఉన్నాను. మూడో వారం చివర్లో నా ఒళ్ళో ఆడుకున్న పసివాడు ఒకడు చనిపోయాడు. ఇంటికి వచ్చేసి, మళ్ళీ వెళ్ళనని పడుకున్నాను. సిస్టర్ కబురు పెట్టలేదు. పన్నెండో రోజు నేనే లేచి వెళ్ళాను, గుడ్డల గుట్ట ముందు కూర్చున్నాను. ఆవిడ చూసి, ఇంకో గుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. ఆ తర్వాత ఇంకొకటి జరిగింది. తీరం వెంబడి ఎక్కడో దూరంగా ఉన్న సహం అనే ఊరి నుంచి ఒక ముసలమ్మ మనవణ్ణి చూడటానికి పికప్ వెనక కూర్చుని, అన్ని గంటలు ప్రయాణం చేసి వచ్చింది. అప్పటికి పేషెంట్లను చూడనిచ్చే వేళ దాటిపోయింది. ఆ వేళ విషయంలో దీనమ్మ సిస్టర్ మహా కచ్చితం. ముసలమ్మ బయట నేలమీద కూలబడి ఖర్జూరాల మూట ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆమెను వెనక తలుపులోంచి లోపలికి తీసుకెళ్ళాను. సిస్టర్‌కు తెలిసి, అందరి ముందూ నన్ను దులిపేసింది. నేనూ ఊరుకోలేదు. ఆ రూలు పెట్టినవాళ్ళు సహం ఎంత దూరమో చూసి పెట్టలేదని అనేశాను.

గడువు దగ్గరపడింది. ఆ రోజుల్లో మా వాళ్ళు ముఖ్యమైన ఉత్తరాలు ఇక్కడి పోస్టులో వేసేవారు కాదు, సెలవు మీద వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి బొంబాయిలో వేయించేవారు. అలా ఒకరి చేతికి ఉత్తరం ఇచ్చేటప్పుడు కవరు అంటించకుండా ఇవ్వడం మర్యాద. అంటిస్తే మోసుకెళ్ళే మనిషిని నమ్మనట్టు. సిస్టర్ నా గురించి రాసిన సిఫార్సు ఉత్తరాన్ని ఆ పద్ధతి ప్రకారమే తెరిచిన కవరులో పెట్టి, మర్నాడు బొంబాయి వెళ్తున్న నర్సుకు ఇమ్మని నా చేతికే ఇచ్చింది. నేను ఇంటికి వచ్చి చదివాను. చదవకుండా ఉండగలిగిన పిల్లనైతే మొక్కల పేర్లు కూడా రాసుకుని ఉండేదాన్ని కాదు.

మొదటి పేజీ నిండా నా తప్పులే ఉన్నాయి. ఈ అమ్మాయి మొదలుపెట్టిన పనుల్లో చాలావాటిని వదిలేస్తుందని రాసింది. వార్డు వదిలి పారిపోయిందని రాసింది. నచ్చని రూలు పాటించదని, పెద్దవాళ్ళకు ఎదురు చెబుతుందని రాసింది. మా దృష్టిలో సిఫార్సు ఉత్తరమంటే ఏమిటి? వినయవిధేయతలు గలది, దైవభయం కలది, సత్ప్రవర్తన కలది. నేను చూసిన ప్రతి సర్టిఫికెట్లోనూ అవే ముక్కలు. నర్సింగ్ స్కూలు కోసం మా పాస్టరు గారు రాసిచ్చిన ఉత్తరం నకలు ఇంట్లో ఉంది, అందులో నా గురించి ఒక్క చెడ్డమాట లేదు. ఆయన నన్ను రెండుసార్లు చూశారు. సిస్టర్ నామీద కక్ష తీర్చుకుందని నాకు నమ్మకం కుదిరింది. రెండో పేజీ తిప్పనైనా లేదు. ఆవిడ ఉత్తరాన్ని చింపేసి, పాస్టరు గారిది కవర్లో పెట్టి, ఆ నర్సు చేతికిచ్చి వచ్చాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. సీటు ఇవ్వలేమని చాలా మర్యాదగా రాశారు. నేను ఏడవలేదు. నన్ను కలవరపెట్టింది దీనమ్మ సిస్టర్ ముఖం. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "వస్తుందన్నాను," అంది. తర్వాతి శుక్రవారం పక్కనే ఉన్న మత్రా నుంచి ఒక ఫార్మసిస్టు తన కూతురిని తీసుకొస్తే, నేను ఆ గదిలోనే ఉన్నాను. సిస్టర్ ఆ పిల్లకు మంచినీళ్ళిచ్చింది. కాలేజీ పుస్తకాలు మాత్రం తీయలేదు.

"ఇంకెవర్నన్నా అడుగమ్మా. నా అంచనా మీద నాకే నమ్మకం లేకుండా పోయింది. నేను చెప్పింది పట్టుకుని నువ్వు మునిగిపోతే?"

ఆ పిల్ల మెట్లు దిగి వెళ్తుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. నా సీటు పోవడం నా ఖర్మ. కానీ పెద్ద డాక్టర్ల ముందు కూడా తలొంచని మనిషి, నా దొంగతనం వల్ల, తన బుద్ధినే అనుమానించుకుంటోంది. రెండు రోజులు ఆగి, మూడో రోజు సాయంత్రం వెళ్ళాను. ఆవిడ వంటింట్లో వంజరం చేప శుభ్రం చేస్తోంది. వెనక నిలబడి అంతా చెప్పేశాను. కత్తి ఆగింది. వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"అయితే నా అంచనా తప్పలేదన్నమాట."

ఆ గొంతులో ఊరట విని నాకు ఏడుపొచ్చింది. అప్పుడు తిరిగింది. చేతులకు పొలుసులు, కళ్ళలో నిప్పులు.

"వాళ్ళు వద్దన్నది నిన్ను కాదే. మీ పాస్టరు గారు రాసిన పిల్లని. ఆ పిల్లెవరో నాకూ తెలీదు, మీ అమ్మకీ తెలీదు. అలాంటి పిల్లలు వాళ్ళకి రోజుకి వంద ఉత్తరాల్లో వస్తారు, ఒక్కళ్ళూ గుర్తుండరు. చేతులు కడుక్కుని వస్తా, కూర్చో. రెండో కాలేజీకి గడువుంది."

కూర్చోబెట్టి మళ్ళీ రాసింది. మొదటిదాని కంటే కోపంగా రాసింది. రాయడం అయ్యాక, చదవమని నా చేతికిచ్చింది. మొదటి పేజీ నాకు తెలిసిందే. రెండో పేజీ మొదటిసారి చూస్తున్నాను. పారిపోయిన పిల్ల పన్నెండో రోజు ఎవరూ పిలవకుండా తిరిగి వచ్చిందని, తన నలభై మంది నర్సుల్లో అలా వచ్చినవాళ్ళు తక్కువని అందులో ఉంది. సందర్శకుల వేళ గురించి ఈ అమ్మాయి తనను ఎదిరించిందని, ఆలోచించుకుంటే తప్పు తన రూలుదేనని, ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ కోసం ఆ వేళ మార్చానని, ఆ మాట ఆ అమ్మాయికి చెప్పడానికి మాత్రం తనకు అహం అడ్డొచ్చిందని రాసింది. నేను చింపేసిన కాగితంలో ఇదంతా ఉంది! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కింద కొత్తగా ఇంకో పేరా ఉంది. తన మొదటి ఉత్తరాన్ని ఈ అమ్మాయి దొంగిలించి మార్చిందని, ఎవరూ పట్టుకోకముందే వచ్చి తనే ఒప్పుకుందని.

"ఇది రాస్తే రాదండీ," అన్నాను.

"రాయకపోతే వచ్చే సీటు నీది కాదు."

"మరి ఇప్పుడు ఏమంటారు? ప్రార్థన చేద్దామా?"

"నిన్నటిదాకా రావచ్చు. ఇవాళ కూడా రావచ్చే."

ఇంట్లో అసలు చిక్కు మిగిలే ఉంది. నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చింది, జూన్‌లో చేరకపోతే పోతుంది. కాలేజీ జవాబు అంతకు ముందు వచ్చే దారి లేదు. రెంటికీ చెడితే, సెకండ్ క్లాసు ఇంటర్మీడియట్‌తో నన్ను ఏం చేసుకోవాలో అమ్మకు తెలియదు. నేను చేసిన పని మొత్తం ఆమెకు కూడా చెప్పాను. చెంప మీద ఒకటి కొట్టింది, కొట్టినందుకు తనే ఏడ్చింది. మర్నాడు డ్యూటీకి వెళ్ళేముందు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, మామూలుగా కూరేం చేద్దామని అడిగినట్టు అంది.

"ఆవిడ మాట మీద రోజూ పసిపిల్లల్ని వదిలి డ్యూటీ దిగొస్తున్నాను. 'ఈ పసిదానికి తెల్లారేదాకా ఏం కాదు ఎస్తేరూ, ఇంటికెళ్ళు' అంటే వచ్చేస్తాను. ఆవిడ రావచ్చు అంటే నీ విషయంలో నమ్మకపోతే ఎలాగే? ఆ నర్సింగ్ సీటు వదిలేస్తున్నట్టు ఉత్తరం రాసెయ్."

నేను రాశాను. ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఆసుపత్రి పోస్టుబాక్సు తాళంచెవి ఉన్న గుమాస్తా నన్ను చూస్తేనే తల అడ్డంగా ఊపేవాడు. జూలైలో ఒక ఉదయం ఊపలేదు. సీటిచ్చారు, పూర్తి స్కాలర్‌షిప్‌తో. కవరు పట్టుకుని వార్డుకు పరుగెత్తాను. దీనమ్మ సిస్టర్ ఒక పిల్లవాడి చేతికి కట్టు కడుతోంది. కాగితం అందుకోలేదు, చేతులు ఖాళీ లేవు. "రావచ్చన్నాగా," అని కట్టు ముడేసింది. అమ్మ మాత్రం స్టోర్ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని చాలాసేపటికి గానీ రాలేదు. ఆ శుక్రవారం సిస్టర్ గదిలో కాలేజీ పుస్తకాలన్నీ మళ్ళీ బల్లమీదికి వచ్చాయి, మత్రా పిల్లకు తనే కబురు పంపింది.

నాలుగేళ్ళు చదివి, టీచరునై, తిరిగి ఇక్కడికే వచ్చాను. ఆవిడ రిటైరై బాపట్ల వెళ్ళిపోయి, అక్కడే చనిపోయింది. నేను స్కూలు ఉద్యోగం మానేసినా పిల్లలు నా దగ్గరికి రావడం మానలేదు. ఏ కాలేజీకి ఎవరికి అవకాశముందో చెబుతాను, చాలావరకు సరిగ్గానే చెబుతాను. ఈ మధ్య నిజామాబాద్ వైపు ఆయన, సైట్ ఫోర్‌మన్, కూతుర్ని తీసుకుని వచ్చాడు. చురుకైన పిల్ల, ఒక ఏడాది పరీక్షలు రాయకుండా ఇంట్లో కూర్చుంది, మళ్ళీ తనంతట తనే లేచి చదివింది. నేను రాసిన ఉత్తరం చదివి వినిపించి చేతికిస్తే ఆయన బిక్కచచ్చిపోయాడు.

"మేడమ్, గా ఏడాది ముచ్చట రాయకుండ్రి. మంచిగ చదువుతదని రాస్తే సాలదా? రేపు వాళ్ళు వద్దంటే పిల్ల ఆగమైతది."

ఇన్నేళ్ళైనా, ఒక పిల్ల గురించి నిజం రాసిన ప్రతిసారీ నేనూ భయపడతాను. ఆ భయం పోతే ఆ పని మానేయాలి. ఆయనకు సర్దిచెప్పబోతుంటే ఆ పిల్లే నన్నడిగింది, "అట్లనే రాసినంక రాకుంటే ఎట్ల మేడమ్?" అని. రాకపోతే వాళ్ళు వద్దన్నది నిన్నే అని తెలుస్తుంది, దానికి ఏడ్చి, లేచి, ఇంకోచోటికి వెళ్ళొచ్చు అన్నాను. కాగితం మీద వేరే ఎవరినో పంపితే, వాళ్ళు రమ్మన్నా అది ఆ పిల్లనే, నిన్ను కాదన్నాను. ఆ పిల్ల తండ్రి చేతిలోంచి కాగితం తీసుకుని, ఆ ఏడాది సంగతి రాసిన చోట తేదీ తప్పు పడిందని చెప్పి, తన పెన్నుతో దిద్దింది.